నూరు పదెట్లా అయింది?

పిల్లలూ! ఈ నెల మీకొక వింత తగాదా సంగతి చెబుతాను. తగాదా మనుషుల మధ్య రాలేదు. ఒక బ్రౌజరుకూ ఒక వెబ్‌సైటుకూ మధ్య వచ్చింది. తిట్లు మాత్రం మా పక్కింటి అమ్మాయి తిన్నది.

2022 ఏప్రిల్ మొదటివారంలో ఒక సాయంత్రం ఆ అమ్మాయి లాప్‌టాప్ చంకన పెట్టుకొని మా యింటికి వచ్చింది. కళ్లు ఎర్రగా వున్నాయి. వెనకనే వాళ్ల నాన్న కూడా వచ్చాడు.

"బాబాయిగారూ! హాస్టలు బడి ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టాలి. రేపే ఆఖరురోజు. మొన్న తెరుచుకున్న వెబ్‌సైటు ఇవాళ తెరుచుకోవటం లేదు," అన్నది.

"ఇది ఏదో నొక్కి పాడుచేసి వుంటుంది, మాస్టారూ! లేకపోతే బాగా పనిచేసేది వున్నట్టుండి ఎందుకు చెడుతుంది?" అన్నాడు తండ్రి.

"నేనేమీ నొక్కలేదు," అన్నది ఆ పిల్ల, ఏడుపు ఆపుకుంటూ.

తెరమీద రెండే వాక్యాలు వున్నాయి: "మీ బ్రౌజరు చాలా పాతది. కొత్త వెర్షన్ వేసుకొని మళ్లీ రండి."

తమాషా అంతా ఇక్కడే వున్నది. ఆ లాప్‌టాప్‌లోని క్రోమ్ బ్రౌజరు ముందురోజు రాత్రే తనంతట తాను కొత్త వెర్షన్‌కు మారింది. అంతకన్న కొత్త క్రోమ్ అప్పటికి జనం చేతికి రానేలేదు. కొత్త బట్టలు కట్టుకొని పెళ్లికి వెళ్లినవాణ్ణి గుమ్మంలో ఆపి, "చిరుగుల చొక్కాతో వచ్చావేమయ్యా?" అని అడిగినట్టున్నది!

తప్పు ఎవరిదో వెంటనే తేల్చెయ్యకుండా, మేము ఒక్కొక్కటే పరీక్షించటం మొదలుపెట్టాం. అసలు ఆ వెబ్‌సైటు బతికే వున్నదా? నా ఫోనులో చూస్తే బతికే వున్నది. అయితే దరఖాస్తు అంత చిన్న తెరలో ఇమడలేదు. చివర నొక్కవలసిన మీట తెర బయటికి పోయింది. పోనీ, వెబ్‌సైటు వున్నదని తెలిసింది గదా!

తరవాత అజ్ఞాత కిటికీ తెరిచాం. దాన్ని ఇంగ్లీషులో ఇన్‌కాగ్నిటో అంటారు. మామూలుగా బ్రౌజరు మీరు చూసిన పేజీల తాలూకు బొమ్మలూ, గుర్తులూ తనదగ్గర దాచుకుంటుంది, మళ్లీ వెళ్లినప్పుడు తొందరగా చూపటానికి. ఒక్కొక్కసారి ఆ పాత సరుకు కొత్త వెర్షన్‌కు సరిపడక పేజీ చెడిపోతుంది. అజ్ఞాత కిటికీలో ఆ పాత సరుకు వుండదు. మనం తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లు కూడా, మనం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప, అందులోకి రావు. కనక పేజీ మామూలు కిటికీలో తెరుచుకోక, అజ్ఞాత కిటికీలో తెరుచుకున్నదంటే దొంగ ఈ రెండింటిలోనే వున్నాడన్నమాట.

ఎక్స్‌టెన్షన్లమీద అనుమానం వుంటే ఒక చిట్కా చెబుతాను. పదహారు వున్నాయనుకోండి. ఒక్కొక్కటే ఆపి చూస్తే పదిహేను సార్లు చూడవలసి రావచ్చు. అట్లా కాక, సగం, అనగా ఎనిమిది, ఒక్కసారే ఆపండి. పేజీ తెరుచుకుంటే దొంగ ఆ ఎనిమిదిలో వున్నాడు. తెరుచుకోకపోతే మిగిలిన ఎనిమిదిలో వున్నాడు. ఆ ఎనిమిదిని నాలుగు చెయ్యండి, నాలుగును రెండు, రెండును ఒకటి. నాలుగు సార్లలో దొరికిపోతాడు. దొంగ ఒక్కడే అయితేనే సుమా! ఇద్దరు కూడబలుక్కుంటే ఈ లెక్క పనిచెయ్యదు.

మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఎక్స్‌టెన్షన్లు లేనేలేవు. అజ్ఞాత కిటికీలో కూడా అవే రెండు వాక్యాలు వచ్చాయి. గడియారం చూశాం. పాత కంప్యూటర్లలో లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. వెబ్‌సైటు చూపే గుర్తింపు పత్రంమీద "ఫలానా తేదీనుంచి ఫలానా తేదీవరకు చెల్లుతుంది" అని వుంటుంది. తేదీ తప్పయితే మంచి పత్రం కూడా చెల్లనిదిగా కనబడి, బ్రౌజరు తలుపు వేసేస్తుంది. ఆ నింద కొత్త వెర్షన్‌మీద పడుతుంది. ఇక్కడ తేదీ సరిగానే వున్నది.

అప్పుడు నా కంప్యూటరులో అదే పేజీ తెరిచాను. చక్కగా తెరుచుకున్నది! నాదీ క్రోమ్ బ్రౌజరే. తేడా ఎక్కడ? రెండింటి వెర్షన్ అంకెలూ పక్కపక్కన రాయమన్నాను. అమ్మాయి నోటుపుస్తకంలో రాసింది: మాది 100, బాబాయిగారిది 99. క్రోమ్ 100 ఆ ఏడు మార్చి 29న విడుదలయింది. నేను నా బ్రౌజరును వారం రోజులుగా మూసిన పాపాన పోలేదు. మూసి తెరిస్తేగాని కొత్త వెర్షన్ అమలులోకి రాదు. నా బద్ధకం ఆనాటికి అక్కరకు వచ్చింది.

"అయితే కొత్త బ్రౌజరే చెడ్డదా?" అని అడిగాడు తండ్రి.

అప్పుడే అట్లా అనటానికి వీల్లేదు. 99కీ 100కీ మధ్య లోపల ఎన్నో మార్పులు వుంటాయి. ఆ మార్పుల్లో ఏదన్నా సరిపడలేదా, లేక వట్టి అంకెతోనే పేచీ వచ్చిందా? ఈ రెండూ విడదీసి చూడాలి. అందుకు బ్రౌజరు వెబ్‌సైటు గుమ్మంలో ఏమి చెబుతుందో మీకు తెలియాలి.

మీరు కొత్త చుట్టాలింటికి వెళితే గుమ్మంలోనే, "నేను ఫలానావారి మనమణ్ణి, ఫలానా వూరినుంచి వచ్చాను," అని చెబుతారు గదా! బ్రౌజరు కూడా పేజీ అడిగినప్పుడల్లా ఒక చీటీ పంపుతుంది. దానికి యూజర్ ఏజెంట్ అని పేరు. తన పేరేమిటో, ఎన్నో వెర్షనో, ఏ రకం కంప్యూటరుమీద నడుస్తున్నదో అందులో వుంటుంది. ఆ చీటీ చదివితే మీకు నవ్వు వస్తుంది. క్రోమ్ అయినా, ఫైర్‌ఫాక్స్ అయినా, సఫారీ అయినా చీటీ మొదట్లో "మొజిల్లా" అనే వుంటుంది. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ అనే బ్రౌజరుకు అది ముద్దుపేరు. వెబ్‌సైట్లు మంచి పేజీలను మొజిల్లాకు మాత్రమే ఇస్తుంటే, తరవాత వచ్చినవాళ్లంతా "నేనూ మొజిల్లానే!" అంటూ లోపలికి దూరారు. నెట్‌స్కేప్ పోయి ఎంతో కాలమయింది. ఆ అలవాటు మాత్రం పోలేదు.

బ్రౌజరులో వెబ్‌సైట్లు తయారుచేసేవారికోసం ఒక పనిముట్ల అర వున్నది. చాలా కంప్యూటర్లలో ఎఫ్12 మీట నొక్కితే తెరుచుకుంటుంది. అందులో ఆ చీటీని మనమే మార్చి రాయవచ్చు. అర మూసేస్తే మళ్లీ అసలు చీటీయే వెళుతుంది. కనక భయం లేదు. అమ్మాయి లాప్‌టాప్‌లో ఆ అర తెరిచి, 100 అన్నచోట 99 అని రాశాను. మరేదీ ముట్టుకోలేదు. బ్రౌజరు అదే, లోపలి మార్పులూ అవే, అంకె ఒక్కటే మారింది.

పేజీ తెరుచుకున్నది!

అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. "బాబాయిగారూ, 101 రాయండి," అన్నది. రాశాను. "మీ బ్రౌజరు చాలా పాతది," అన్నది వెబ్‌సైటు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "990 రాయండి," అన్నది. ప్రపంచంలో ఎక్కడా లేని వెర్షన్ అది! రాశాను. వెబ్‌సైటు మర్యాదగా తలుపు తీసింది.

దీన్నిబట్టి మీకేమి అర్థమయింది? 99 కొత్తది, 990 కొత్తది. 100, 101 మాత్రం పాతవి! అనగా ఆ వెబ్‌సైటు అంకెను పూర్తిగా చదవటం లేదు, ముందువైపు మాత్రమే చూస్తున్నది. బడి రిజిస్టరులో వరస అంకెకు రెండే గళ్లు వున్నాయనుకోండి. నూరోవాడు వస్తే 1, 0 రాసేసరికి గళ్లు నిండిపోతాయి; చివరి సున్న కింద పడిపోతుంది. నూరోవాడు పదోవాడయిపోతాడు. క్రోమ్ 10 వచ్చింది 2011లో. పదకొండేళ్లనాటి ముసలి బ్రౌజరు తలుపు తడుతున్నదని ఆ వెబ్‌సైటు అనుకున్నదన్నమాట!

ఇదే పొరపాటు మరోవిధంగా కూడా జరుగుతుంది. నిఘంటువులో మాటలను మొదటి అక్షరంతో పోల్చి వరస పెడతారు. అంకెలను కూడా అట్లా పోలిస్తే 100 ముందు వచ్చి, 99 తరవాత వస్తుంది, 1 కన్న 9 పెద్దది గనక. రెండింటిలో ఏది చేసినా మా అమ్మాయి చూసిన వింతే కనబడుతుంది.

ఇది మొదటిసారి జరగలేదు. 2009లో ఒపెరా బ్రౌజరు తొమ్మిదినుంచి పదికి వచ్చినప్పుడు కొన్ని వెబ్‌సైట్లు మొదటి అంకె ఒక్కటే చదివి, అది ఒకటో వెర్షన్ అనుకున్నాయి. వెబ్‌సైట్లన్నిటినీ సరిచెయ్యటం ఎవరి తరం? ఒపెరావాళ్లు చీటీ మొదట్లో 9.80 అనే వుంచి, అసలు వెర్షన్ 10 అన్న సంగతి చివర రాశారు.

ఆ అనుభవంవల్లనే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసేవారు నూరు రాకముందే మేలుకున్నారు. 2021 చివర వచ్చిన క్రోమ్ 96లోనే, "నేను 100ని" అని చెప్పించే మీట ఒకటి పెట్టి, వెబ్‌సైట్లవాళ్లను ముందుగా పరీక్షించుకోమన్నారు. మరీ ఎక్కువ వెబ్‌సైట్లు చెడిపోతే 99 అనే చెబుతూ, అసలు అంకెను చుక్క తరవాత దాచాలని కూడా అనుకున్నారు. అంత అవసరం కలగలేదు. ఫైర్‌ఫాక్స్ 100 ఆ ఏడే మే 3న వచ్చింది. అయితే ఫైర్‌ఫాక్స్‌కు 110 దగ్గర మరో చిక్కు వచ్చింది. దాని చీటీలో "ఆర్‌వీ: 110" అని వుండాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 అనే పాత బ్రౌజరు చీటీలో "ఆర్‌వీ: 11" అని వుండేది. ముందు రెండు అంకెలూ చూసి కొన్ని వెబ్‌సైట్లు ఫైర్‌ఫాక్స్‌ను ఎక్స్‌ప్లోరర్ అనుకున్నాయి. అందుకని 110నుంచి 119వరకు, అనగా 2023లో చాలా భాగం, ఫైర్‌ఫాక్స్ ఆ ఒక్కచోట 109 అనే చెబుతూ వచ్చింది!

అన్నిసార్లూ తప్పు అంకెదే కాదు. ఒక్కొక్కప్పుడు కొత్త బ్రౌజరు తెలిసే తలుపు వేస్తుంది. మన మాటలు దారిలో ఎవరూ చదవకుండా బ్రౌజరూ, వెబ్‌సైటూ వాడే తాళాలు వున్నాయి. 1999నాటి తాళం, 2006నాటి తాళం బలహీనమని తేలినందున 2020 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 74 వాటిని ఒప్పుకోవటం మానేసింది. సరిగా అప్పుడే కరోనా వచ్చింది. కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు ఇంకా ఆ పాత తాళాలతోనే వుండటంవల్ల, జబ్బు సమాచారం జనానికి అందకుండా పోతుందని, అదే నెలలో మళ్లీ ఒప్పుకున్నారు. జూన్ 30న ఫైర్‌ఫాక్స్ 78తో ఆ తాళాలను తీసేశారు. అందుచేత తెరమీద "ఈ దారి భద్రం కాదు" అన్న హెచ్చరిక వస్తే అది తమాషాకు వచ్చింది కాదు. దాన్ని తోసుకొని వెళ్లి పాస్‌వర్డు గాని, బ్యాంకు కార్డు అంకెలు గాని రాయకండి. పాత బ్రౌజరును వెతికి వేసుకోవటం కూడా మంచిది కాదు. కొత్త వెర్షన్లలో దొంగలు దూరే కన్నాలు ఎన్నో పూడ్చి వుంటారు. పాతది వేసుకుంటే ఆ కన్నాలన్నీ మళ్లీ తెరిచినట్టే.

ఇక మా అమ్మాయి దరఖాస్తు సంగతి. మార్చిన చీటీతో అంత ముఖ్యమైన పని చెయ్యటం నాకిష్టం లేకపోయింది. నా కంప్యూటరులోనే కూచుని నింపమన్నాను. ఎనిమిదిన్నరకు రశీదు వచ్చింది. ఆ తరవాత వెబ్‌సైటువాళ్లకు ఒక ఉత్తరం రాయించాను. "మీ వెబ్‌సైటు చెడిపోయింది" అని రాస్తే వాళ్లకేమీ అర్థం కాదు. అమ్మాయి ఇట్లా రాసింది: "క్రోమ్ 99లో తెరుచుకుంటున్నది. 100లో తెరుచుకోవటం లేదు. 100లోనే చీటీ మార్చి 99 అని రాస్తే తెరుచుకుంటున్నది." అయిదోరోజున ఆ వెబ్‌సైటు 100లో కూడా తెరుచుకున్నది. జవాబు మాత్రం ఎవరూ రాయలేదు.

తండ్రి అంతసేపూ రశీదు కాగితాన్ని మడతలు పెడుతూ కూచున్నాడు. లేచేటప్పుడు, "ఏమీ నొక్కకపోయినా చెడుతుందన్నమాట," అన్నాడు, కూతురు వంక చూడకుండా. ఆ పిల్లకు అది చాలు.

గుమ్మందాకా వెళ్లి అమ్మాయి వెనక్కి తిరిగింది. "మరి వెయ్యి వస్తే, బాబాయిగారూ?" అన్నది.

లెక్క వేశాం. అప్పట్లో క్రోమ్ కొత్త వెర్షన్ నాలుగు వారాలకు ఒకటి వస్తున్నది. నూరునుంచి వెయ్యికి తొమ్మిదివందలు. తొమ్మిదివందల నాలుగులు మూడువేల ఆరువందల వారాలు, అనగా అరవైతొమ్మిదేళ్లు. ఆ లెక్కన 2091లో వెయ్యి రావాలి.

"అప్పటికి నాకు ఎనభై రెండేళ్లు," అన్నది ఆ అమ్మాయి. "మా మనమరాలు దరఖాస్తు పెట్టుకుంటూ వుంటుంది. ఏదో నొక్కావని నేను మాత్రం తిట్టను."