బిళ్ళ ఇక్కడ, బట్వాడా అక్కడ

కృష్ణా డెల్టాలో ఒక సబ్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లు అడగని ప్రశ్నంటూ లేదు, ఒక్కటి తప్ప. మన ఊళ్లో డబ్బు కట్టి బిళ్ళ అంటించిన కవరును డల్లాస్‌లో పోస్ట్‌మ్యాన్ ఎందుకు బట్వాడా చేయాలి? అతనికి జీతం ఇచ్చేది మన తపాలా శాఖ కాదు. మనం కట్టిన సొమ్ములో వాళ్ల ప్రభుత్వానికి ఎంత చేరిందో అతనికి తెలియదు. అయినా ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చి వస్తాడు.

ఎక్కడ యుద్ధం మొదలైనా మన టీవీ చర్చల్లో ఒకరు లేచి ఐక్యరాజ్యసమితిని మూసేయమంటారు. భద్రతా మండలిలో వీటోలు చూశాక ఆ కోపం రావడం సహజమే. కానీ అంతర్జాతీయ సంస్థలంటే ఆ ఒక్క గదే అనుకోకండి. ఎవరూ కెమెరాలు పెట్టని గదుల్లో జరిగే పని వేరే ఉంది. నాకు తెలిసిన గది ఒకటి, స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో ఉంది. దాని పేరు యూనివర్సల్ పోస్టల్ యూనియన్. 192 దేశాలు అందులో సభ్యులు.

అది రాకముందు విదేశానికి ఉత్తరం వేయడం పెద్ద తతంగం. ఏ రెండు దేశాలకు ఆ రెండు దేశాలు విడిగా ఒప్పందం రాసుకోవాలి. మధ్యలో దాటే ప్రతి దేశానికీ విడిగా రుసుము. ఏ దారిన పంపితే ఎంతవుతుందో గుమాస్తా లెక్కలు వేసి చెప్పాలి. ఈ గందరగోళం తీర్చడానికి 1863లో పారిస్‌లో మొదటి సమావేశం పెట్టించింది ఎవరో తెలుసా? అమెరికా పోస్ట్‌మాస్టర్ జనరల్ మాంట్‌గోమరీ బ్లెయిర్. వాళ్ల దేశంలో అంతర్యుద్ధం జరుగుతున్న రోజులవి. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

తర్వాత జర్మనీ తపాలా అధికారి హైన్రిచ్ ఫాన్ స్టీఫెన్ పట్టుబట్టడంతో 1874 అక్టోబరు 9న బెర్న్‌లో 22 దేశాలు సంతకాలు చేశాయి. అందుకే అక్టోబరు 9న ప్రపంచ తపాలా దినోత్సవం. ఒప్పందంలో అసలు సూత్రం ఒక్కటే. ఉత్తరాల వరకు సభ్యదేశాలన్నీ కలిపి ఒకే తపాలా భూభాగం. ఎవరి బిళ్ళ డబ్బు వాళ్లే ఉంచుకోవాలి, వచ్చిన ఉత్తరాలు మాత్రం ఊరికే పంచాలి. వెళ్లిన ప్రతి ఉత్తరానికీ ఒక జవాబు వస్తుంది కాబట్టి చివరికి లెక్క సరిపోతుందని వాళ్ల నమ్మకం.

మన దేశం 1876 జూలై 1న చేరింది. అప్పటికి మనకు స్వాతంత్ర్యం లేదు, బెర్న్‌లో సభ్యత్వం మాత్రం ఉంది. మన పేరు మీద పడే ఓటు లండన్ చెప్పినట్టే పడేదన్నది వేరే సంగతి. సామ్రాజ్యాలకు వలసలు అలా కూడా ఉపయోగపడ్డాయి. అంతర్జాతీయ సంస్థలు రాజకీయాలకు అతీతమైనవని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది ఇందుకే. 1972లో చైనా కుర్చీ బీజింగ్‌కు ఇచ్చారు, తైవాన్ బయటే ఉండిపోయింది. అయినా తైవాన్‌కు ఉత్తరాలు వెళుతూనే ఉన్నాయి. కుర్చీ రాజకీయం కుర్చీదే, బస్తాల పని బస్తాలదే.

ఆ సంస్థ మా కౌంటర్ మీద ఎలా కనబడేదో చెబుతాను. విదేశీ రిజిస్టర్డ్ కవరు మీద అంటించే బార్‌కోడ్ చీటీ చూడండి. ముందు రెండు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర దేశం గుర్తుగా మళ్లీ రెండు అక్షరాలు. మొదటి అక్షరం ఆర్ అయితే రిజిస్టర్డ్, ఈ అయితే స్పీడ్ పోస్టు లాంటి ఎక్స్‌ప్రెస్, సీ అయితే పార్సిల్. తొమ్మిదో అంకె మిగతా ఎనిమిదింటికీ కాపలా. ఆ ఎనిమిదింటినీ వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి, కూడి, 11తో భాగిస్తే మిగిలే శేషాన్ని బట్టి అది రావాలి. గుమాస్తా ఒక్క అంకె తప్పు కొట్టినా దాదాపు ఎప్పుడూ కంప్యూటర్ ఒప్పుకోదు. జపాన్‌లోనైనా కెన్యాలోనైనా ఇదే పద్ధతి. ఈ లెక్క మీద ఏ దేశంలోనూ ఎన్నికలు జరగవు, ఏ పత్రికా సంపాదకీయం రాయదు. అంధులకు పంపే బ్రెయిలీ పుస్తకాలకు తపాలా రుసుము ఉండకూడదన్న నియమం కూడా ఇలా చడీచప్పుడు లేకుండా వచ్చిందే.

కస్టమ్స్ ఫారం మరొకటి. మనవడికి సున్నుండలు, కందిపొడి పంపడానికి వచ్చిన ఓ పెద్దాయన, వెల రాయాల్సిన గడి దగ్గర కలం ఆపేశారు.

“ఇంట్లో చేసినవే కదమ్మా, వాటికి వెలేమిటి?”

“వెల లేదంటే అక్కడ కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరు బాబాయ్ గారూ. బజార్లో కొంటే ఎంతవుతుందో అంత వేయండి.”

ఆయన అయిష్టంగానే ఓ అంకె వేశారు. ఆ ఫారం పేరు సీఎన్ 22. సరుకు విలువ 300 ఎస్‌డీఆర్ దాటితే ఇంకొంచెం పెద్దది, సీఎన్ 23 నింపాలి. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం. సున్నుండల పొట్లం మీద రెండు అంతర్జాతీయ సంస్థలు కూర్చున్నాయని ఆయనకు చెప్పలేదు. చెబితే ఇంకా విసుక్కునేవారు.

ఇక డబ్బు గొడవకు వద్దాం. 1874 నాటి ఏర్పాటు పెళ్లి చదివింపుల లాంటిది. ఇవాళ మీ ఇంట్లో నేను చదివిస్తే, రేపు మా ఇంట్లో మీరు. కానీ ఒకింట్లో పది పెళ్లిళ్లు, ఎదురింట్లో ఒక్కటే అయితే? వచ్చేవి ఎక్కువ, పంపేవి తక్కువ ఉన్న దేశాలకు ఆ భారం బరువైంది. 1969లో యూనియన్ టోక్యో మహాసభ ‘టెర్మినల్ డ్యూస్’ పెట్టింది. అంటే, తేడాగా వచ్చిన ఉత్తరాలు పంచినందుకు పంపిన దేశం కొంత చెల్లించాలి. తర్వాత వెనకబడిన దేశాలకు ఆ రేటు తక్కువగా పెట్టారు. ఉత్తరాల కాలంలో న్యాయమే. ఆన్‌లైన్ బేరాలు వచ్చాక, ఇదే వెసులుబాటుతో చైనా నుంచి చిన్న పొట్లాలు అమెరికాలో కుప్పలుగా దిగాయి. మా ఊరి నుంచి పక్క రాష్ట్రానికి పంపడం కంటే చైనా నుంచి తెప్పించడమే చవకేమిటని అక్కడి చిన్న వ్యాపారులు మండిపడ్డారు. వాళ్ల ఫిర్యాదులో నిజముంది.

2018 అక్టోబరులో ట్రంప్ ప్రభుత్వం యూనియన్ నుంచి తప్పుకుంటామని నోటీసిచ్చింది. బ్లెయిర్ గారి దేశమే! ఏడాది గడువు ముగిసేలోగా, 2019 సెప్టెంబరులో, జెనీవాలో ప్రత్యేక మహాసభ పెట్టారు. దిగుమతులు ఎక్కువున్న దేశాలు తమ బట్వాడా రేటు తామే ప్రకటించుకోవచ్చని అక్కడ రాజీ కుదిరింది. అమెరికాకు 2020 జూలై నుంచే అవకాశమిచ్చారు. నోటీసు వెనక్కి వెళ్లింది.

దీన్ని పెద్దన్న బెదిరింపు ముందు సంస్థ లొంగిపోవడమనే నా మిత్రులు చాలామంది అంటారు. లొంగింది, కాదనను. చిన్న దేశం నోటీసిస్తే ప్రత్యేక మహాసభ జరిగేది కాదు. అయితే రెండో వైపూ చూడండి. పంతం అంత గట్టిదైతే అమెరికా వెళ్లిపోయి ఉండాలి. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటామని ప్రకటించిన ప్రభుత్వం, ఇక్కడ మాత్రం బేరమాడి ఉండిపోయింది. కారణం తేలికే. యూనియన్‌లోంచి బయటపడితే, ప్రతి దేశంతోనూ విడివిడిగా ఒప్పందాలు రాసుకుంటూ 1863కు పోవాలి. సైన్యం లేదు, వీటో లేదు, జరిమానా వేసే అధికారం అంతంత మాత్రం. అయినా బయట ఉండటం ఖరీదు. అంతర్జాతీయ సంస్థ బలమంతా ఆ ఖరీదులోనే ఉందని నా నమ్మకం.

దాని హద్దు ఎక్కడో 2025 ఆగస్టు చూపించింది. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదన్న మినహాయింపును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా కట్టాలో తేలలేదు. విమానాలు సరుకు ఎక్కించుకోలేమన్నాయి. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి బుకింగులు చాలావరకు ఆపి, తర్వాత పూర్తిగా ఆపేసింది. అలా ఆపిన తపాలా సంస్థలు 88 ఉన్నాయనీ, అమెరికాకు వెళ్లే తపాలా వారంలోనే 81 శాతం పడిపోయిందనీ యూనియన్ లెక్క చెప్పింది. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ దసరాకు చాలా పొట్లాలు ఇళ్లలోనే ఉండిపోయాయి. అక్టోబరు 15న గానీ సేవలు మళ్లీ మొదలు కాలేదు. ఒకే తపాలా భూభాగం అన్న మాట కస్టమ్స్ గేటు దాకానే. గేటు లోపల పెత్తనం ఆ దేశానిదే. యూనియన్ చేయగలిగింది, సుంకం ముందే లెక్కగట్టి వసూలు చేసే సాంకేతిక ఏర్పాటు తయారు చేసి ఇవ్వడం. అది చేసింది. అంతకు మించి ఆశించినవాళ్లకు దాని పని తెలియదనుకోవాలి.

మనమూ అమాయకులం కాదు. 2025 మేలో పాకిస్తాన్ నుంచి వచ్చే తపాలా మొత్తాన్ని మన ప్రభుత్వం ఆపింది. 2019లో వాళ్లు మన తపాలా ఆపారు. పార్సిళ్ల విషయంలో భద్రతా కారణాలు నాకు అర్థమవుతాయి. సరిహద్దుకు అటూఇటూ అన్నదమ్ములున్న కుటుంబాల ఉత్తరాలకైనా దారి ఉంచాల్సిందని నా అభిప్రాయం. బెర్న్‌కు ఆ మాట ఆజ్ఞాపించే హక్కు లేదు, చెప్పాల్సింది మనవాళ్లకే.

2025 సెప్టెంబరులో దుబాయ్ మహాసభలో మన మంత్రి యూపీఐని తపాలా మనీ ట్రాన్స్‌ఫర్‌తో కలిపే పథకం ప్రారంభించారు. గల్ఫ్‌లో కూలి చేసి కరీంనగర్‌కు, కడపకు డబ్బు పంపేవాళ్లకు కమీషన్ తగ్గితే అంతకంటే కావలసిందేముంది? కానీ మహాసభ నాలుగేళ్లకోసారి. నిబంధనల్లో కామాలు మార్చేది మధ్యలో కూర్చునే కమిటీలు. ఆ కమిటీలకు మనం పంపే బృందంలో పెద్ద అధికారులతో పాటు కౌంటర్ మీద పదేళ్లు కూర్చున్న గుమాస్తా ఒకరైనా ఉండాలి. ఫారంలో ఏ గడి దగ్గర కలం ఆగుతుందో వాళ్లకు తెలుసు.