ఏ మందు బెటర్ అనే ముందు

హాస్టల్లో జిమ్‌కి వెళ్లే బ్యాచ్ మధ్య ఈమధ్య ఒకటే చర్చ: బీపీసీ-157 బెటరా, టీబీ-500 బెటరా? ఒకటి దెబ్బతిన్న నరాన్ని బాగుచేస్తుందట, ఇంకోటి కీళ్ల నొప్పి తగ్గిస్తుందట, రెండూ కలిపి తీసుకుంటే ఇంకా ఫాస్టట. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అసలు ఈ ప్రశ్న దగ్గరే తేడా ఉంది. ఏది బెటర్ అని అడిగామంటే, రెండూ పనిచేస్తాయని ముందే ఒప్పేసుకున్నట్టు.

మనం రెండు ఆల్గారిథమ్స్‌ని పోల్చాలంటే ఒకే ఇన్‌పుట్ ఇచ్చి రన్ చేస్తాం. ఇక్కడ ఆ రన్ జరగనే లేదు. బీపీసీ-157 అంటే 15 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దాని మీద ఎక్కువ పని క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో జరిగింది, అదీ ఎలుకల మీద. ఎలుకల్లో తెగిన తుంటి నరం, కండర బంధనం త్వరగా మానాయని పేపర్లు ఉన్నాయి. మనుషుల మీద చూస్తే చిన్న చిన్న స్టడీలే. టీబీ-500 మన ఒంట్లో ఉండే థైమోసిన్ బీటా-4 అనే ప్రొటీన్‌కి సంబంధించింది. దాని కథా ఇంతే. క్రీడాకారులు ఈ రెండూ వాడకూడదని వాడా నిషేధించింది. ఆన్‌లైన్‌లో అమ్మే సీసాల మీద 'రీసెర్చ్ కోసం మాత్రమే' అని రాసి ఉంటుంది. ఆ లైన్ మనం చదవం.

ఎలుకకి పనిచేస్తే మనకెందుకు పనిచేయదు అంటారు. తెగిన నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. ఎలుక కాలు ఎంత, మన కాలు ఎంత? నడుము నుంచి పాదం దాకా దాదాపు మీటరు, అంటే లెక్క ప్రకారం వెయ్యి రోజులు. ఎలుకలో కొన్ని వారాల్లో కనిపించింది మనిషిలోనూ అలాగే జరుగుతుందని అనుకోలేం.

'మా ఫ్రెండ్‌కి తగ్గింది' అనేది ఇంకో వాదన. కీళ్లకి బాగా అమ్ముడయ్యే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌లని అమెరికాలో మోకాళ్ల నొప్పులున్న 1583 మంది మీద పరీక్షించి 2006లో ఫలితం చెప్పారు. మొత్తమ్మీద డమ్మీ మాత్రకీ వాటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. డమ్మీ వేసుకున్నవాళ్లలోనే 60 శాతం మందికి నొప్పి ఐదో వంతయినా తగ్గింది! ఇక ఒక్క ఫ్రెండ్ మాట ఎంతవరకు సాక్ష్యం?

నరాలకి పనిచేసే మందులు లేవని కాదు. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గొచ్చు, దానివల్ల కాళ్లు తిమ్మిరెక్కొచ్చు. రక్తపరీక్షలో లోపం తేలితే బీ12 ఇస్తారు. అది పనిచేసేది, కారణం తెలిసింది కాబట్టి.

మా మర్రిపాడు, ఉదయగిరి వైపు కీళ్ల నొప్పి అనగానే అడగాల్సింది కూడా ఆ కారణమే. ఎముకల ఫ్లోరోసిస్‌ని మన దేశంలో మొదట రిపోర్ట్ చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఏళ్ల మీద కీళ్లు బిగుసుకుపోతాయి. వెన్నెముకలో ఎముక పెరిగి నరాల్ని నొక్కుతుంది. కీళ్ల బాధ, నరాల బాధ రెండూ ఒకే బిందె నుంచి! అలా పెరిగిన ఎముకని కరిగించే పెప్టైడ్ ఏదీ లేదు. నీళ్లు మార్చడమే దారి. నది నీళ్లు పైపుల్లో తేవాలి, లేదా పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి లాంటిది వాడాలి.

నా భయం జిమ్ బ్యాచ్ గురించి ఒక్కటే కాదు. వాళ్లకి 20 ఏళ్లు, తట్టుకుంటారేమో. ఈ సీసాల తర్వాతి గిరాకీ మన ఊళ్లలో మోకాళ్లు పట్టుకుని లేచే అవ్వాతాతలే. నొప్పి ఉన్నవాళ్లకి ఆశ అమ్మడం చాలా తేలిక. ఇంట్లో ఫోన్‌లో ఆర్డర్ పెట్టేది మనమే కాబట్టి, అడగాల్సిందీ మనమే: దీన్ని మనుషుల మీద పరీక్షించారా? డమ్మీతో పోల్చారా? అసలు నొప్పి దేనివల్ల?

ఈ సెలవులకి ఊరెళ్తే ఒక పని చేద్దాం. ఇంట్లో తాగే నీళ్లు ఒక బాటిల్‌లో, ఊరవతలి బోరు నీళ్లు ఇంకో బాటిల్‌లో పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఇద్దాం. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందంటే ఆ నీళ్లు తాగకూడదు. ఏది బెటర్ అన్న ప్రశ్నకి అక్కడైతే నిజంగా జవాబు దొరుకుతుంది.