రెండు రాష్ట్రాల మధ్య సగం చదువులు
బట్టీల పిల్లలకు భాష, కాలం రెండూ అడ్డంకులే

ఏటా పంట కోతల తర్వాత ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు ఇటుక బట్టీల్లో పనికి తెలంగాణకు తరలివస్తున్నాయి. యాదాద్రి భువనగిరి, రంగారెడ్డి, సంగారెడ్డి, పెద్దపల్లి జిల్లాల్లో గుడిసెలు వేసుకుని వేసవి ముగిసే వరకు ఉంటున్నాయి. వారి వెంట బడి ఈడు పిల్లలూ వస్తున్నారు. వీరు చదువులో వెనుకబడటానికి తెలివితేటల లోపం కారణం కాదు. ఉన్న వ్యవస్థ వీరి రాకపోకలను లెక్కలోకి తీసుకోకపోవడమే అసలు సమస్య.

రెండుచోట్లా సగమే

తెలంగాణలో బడులు జూన్‌లో తెరుచుకుని ఏప్రిల్‌లో మూతపడతాయి. బట్టీల పిల్లలు వచ్చేసరికే సగం పాఠాలు పూర్తవుతాయి. సొంతూరి హాజరు పట్టీలో పేరున్నా పిల్లలు అక్కడ ఉండరు. ఇక్కడ ఉన్నా పట్టీలో పేరుండదు. పైగా కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అన్న లెక్కన ఇస్తారు. సర్దార్ల వద్ద తీసుకున్న అడ్వాన్సు తీరాలంటే ఇంటిల్లిపాదీ శ్రమించాలి. పచ్చి ఇటుకలను ఎండకు తిప్పే పని చిన్నచేతులపై పడుతోంది. బడికి దూరమైన ఏడాది మరో ఏడాదికి దారితీస్తోంది.

మూడు భాషల ముడి

వీరిలో చాలామంది ఇంట మాట్లాడేది సంబల్‌పురి. పుస్తకాల్లో చదివింది ఒడియా. ఇక్కడి బడిలో వినిపించేది తెలుగు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఆంగ్ల మాధ్యమమూ తోడైంది. వలస విద్యార్థులకు వాడుక భాష సుమారు రెండేళ్లలో పట్టుబడినా, పాఠాలకు కావలసిన భాషపై పట్టు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1980ల ఆరంభంలోనే చెప్పారు. అలాంటప్పుడు ఆరేడు నెలలే ఉండే పిల్లలను తెలుగు పరీక్షతో కొలిచి వెనుకబడ్డారనడం న్యాయం కాదు.

చట్టం ఉంది.. కొనసాగింపే కరవు

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం వయసుకు తగిన తరగతిలో ప్రవేశం, ప్రత్యేక శిక్షణ కల్పించాలంటోంది. బదిలీ పత్రం ఆలస్యమైందన్న సాకుతో ప్రవేశం నిరాకరించరాదని, వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలని స్పష్టం చేస్తోంది. రాచకొండ పోలీసులు 2017లో ఆపరేషన్ స్మైల్‌లో గుర్తించిన బట్టీల పిల్లలకు పని ప్రదేశాల వద్దే బడులు ఏర్పాటు చేయించారు. బట్టీ బడిలో సొంత భాషలో పాఠం సాగుతుంది, కానీ పిల్లలు ఊరికి దూరంగానే ఉండిపోతారు. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం, తోటి పిల్లల స్నేహం దొరుకుతాయి, కానీ పాఠం అర్థం కాదు. అందుకే ఊరి బడిలోనే ఒడియా బోధకుడిని నియమించడం మేలైన మార్గం. బట్టీలు ఊరికి దూరమైతే రవాణా సౌకర్యమూ కల్పించాలి.

ఇక్కడి చదువు అక్కడి రికార్డులో ఎక్కకపోతే ఈ శ్రమంతా సీజనుతోనే ముగుస్తుంది. యూడైస్ ప్లస్‌లో విద్యార్థులకు శాశ్వత సంఖ్య కేటాయిస్తున్నారు. దాని ఆధారంగా హాజరు, తరగతి వివరాలను ఇరు రాష్ట్రాల అధికారులు పంచుకోవచ్చు. బట్టీలు రాజుకోకముందే మండలాలవారీగా పిల్లలను లెక్కించాలి. జనవరిలో గుర్తించి మార్చిలో బడి తెరిస్తే ఆ ఏడాది చదువు చేజారినట్లే.