మడత వేరు, కత్తిరింపు వేరు

మొన్న ధర్మవరంలో రైలెక్కి హిందూపురం వెళుతున్నాను. పెనుకొండ కోటకొండ కిటికీలో కనబడగానే పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) గుర్తుకొచ్చారు. తాను పెరిగిన ఆ ఊరి మీద చిన్ననాడే ‘పెనుగొండ లక్ష్మి’ రాసిన కవి. ఆయన స్వయంగా చదివిన ‘శివతాండవం’ నా ఫోనులో ఉంది. ఎందరు మిత్రుల చేతులు మారి వచ్చిందో తెలియని ఎంపీత్రీ. పెట్టుకుని విన్నాను. కంఠం ఉంది, లయ ఉంది. కానీ శ, ష, స మూడూ ఒకే బుసగా వినిపించాయి. శబ్దమే ప్రాణమైన కావ్యానికి ఇది చిన్న లోపం కాదు.

తప్పంతా పాత టేపుదేనని సరిపెట్టుకుంటాం. కొంత మన చేతలదీ ఉంది.

సీడీ కోసం ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్‌ల లోపు నాదమే నిలుస్తుంది. ఫైలు చిన్నదవుతుందని దాన్ని 8,000కు దించితే 4,000 హెర్ట్జ్‌ల పైదంతా పోతుంది. ‘స’కారపు బలం చాలావరకు ఆ పైనే ఉంటుంది. తిరిగి 44,100కు పెంచినా పోయింది రాదు. ఫైలు మాత్రం లావెక్కుతుంది.

ఎంపీత్రీ తీరు మరొకటి. చెవి గమనించదని లెక్కకట్టినదాన్ని పారేస్తుంది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లుంటే, 128 కిలోబిట్ల ఎంపీత్రీలో మిగిలేది పదకొండో వంతు. ఒక్కసారికి పెద్ద నష్టం తెలియదు. దాన్నే విప్పి, కోసి, మళ్ళీ ఎంపీత్రీగా దాచిన ప్రతిసారీ మరికొంత పోతుంది.

డయలప్ రోజుల్లో అలా కుదించి పంచినవారిని నేను తప్పుపట్టను. వారు లేకపోతే ఆ గొంతులు మనదాకా వచ్చేవే కావు. అయితే ఆనాటి ఇబ్బంది ఇప్పుడు లేదు. గంటసేపటి సీడీ నాణ్యత ధ్వనికి సుమారు 635 మెగాబైట్లు చాలు.

ధర్మవరం పట్టుచీర పెట్టెలో పట్టకపోతే మడత పెడతాం గాని, అంచు కత్తిరించం కదా! 2001లో వచ్చిన ఫ్లాక్ అటువంటి మడత. పరిమాణం తగ్గుతుంది, విప్పితే ఒక్క బిట్టూ పోదు.

కనుక మిత్రులారా, మీ ఇళ్ళలో కవుల గొంతులున్న క్యాసెట్లుంటే కనీసం 48,000 కొలతలతో, 24 బిట్లలో ఎక్కించి, ఆ మూలప్రతిని అలాగే దాచండి. ఎంపీత్రీ దాన్నుంచి తీసి పంచండి. క్యాసెట్టును మాత్రం పారేయకండి. పద్యంలో ఒక్క అక్షరం తప్పు పడితే ఊరుకోని మనం, గొంతులో అక్షరాలు చెరిగిపోతుంటే ఊరుకోవడం న్యాయమా?