చప్పట్లు కొట్టు... చదువు మొదలెట్టు!

రాజోలు దగ్గర ఓ ఊళ్లో, అరుగు మీద కూర్చుని నాలుగేళ్ల మనవరాలికి జడ వేస్తోందో అమ్మమ్మ. పిల్ల తల్లి కువైట్‌లో పనిచేస్తోంది. ఆదివారం ఆదివారం ఫోన్లో కనిపించి, ‘అమ్మా, దానికి అ ఆలు నేర్పుతున్నావా?’ అని అడుగుతుంది. ఆ మాట వినగానే పెద్దావిడకు గుండెల్లో రాయి పడ్డట్టవుతుంది.

‘నాకు అక్షరమ్ముక్క రాదండీ. నేనేం నేర్పుతానండీ దానికి?’ అందామె నాతో.

అమ్మానాన్నలు గల్ఫ్‌లో, పిల్లలు పెద్దవాళ్ల దగ్గర... కోనసీమలో ఇలాంటి ఇళ్లు చాలానే. నిజానికి ఆ అమ్మమ్మ పాఠం ఎప్పుడో మొదలుపెట్టేసింది. జడ అల్లుతూ పొడుపుకథలు వేస్తోంది. పిల్ల జవాబులు వెతుక్కుంటోంది. చదువుకు పునాది అదే మరి!

చదవడమంటే అక్షరాలు గుర్తుపట్టడం ఒక్కటే కాదు. ముందు బోలెడు మాటలు తెలియాలి. మాటలోని శబ్దాల్ని చెవి విడదీయాలి. ఆకారాల్లో తేడాని కన్ను పట్టుకోవాలి. వేళ్లకు పట్టు రావాలి. ఇవన్నీ ఆటల్లో వచ్చేవే.

చెవికో ఆట

మాటను ముక్కలు చేస్తూ చప్పట్లు కొట్టించండి. లం-క... రెండు. కొ-బ్బ-రి... మూడు. గో-దా-వ-రి... నాలుగు. అది వచ్చాక, ‘ప’తో మొదలయ్యేవి చెప్పమనండి. పడవ, పనస, పలక... ఆ తర్వాత మాటల గొలుసు. పడవ అంటే వల, వల అంటే లంక, లంక అంటే కలువ! ఈ ఆటలకు పుస్తకం అక్కర్లేదు, ఆడించేవాళ్లకు చదువు రాకపోయినా ఫర్వాలేదు.

కంటికో ఆట

గవ్వలు, గింజలు, ఆకులు కలిపేసి వేరు చేయమనండి. తేడాలు పట్టడం అలవాటైన కన్ను రేపు ‘మ’నీ ‘య’నీ చూసి తికమకపడదు. బస్టాండుకు వెళితే, పిల్లల పేరులోని మొదటి అక్షరం ఏ బోర్డు మీదుందో వెతికించండి. బిస్కెట్ ప్యాకెట్టూ పాఠమే!

వేలికో ఆట

చపాతీ పిండితో పాముల్ని చేసి సున్నాలు చుట్టించండి. ముగ్గు చుక్కలు కలపనివ్వండి. కొబ్బరి ఈనెల్ని చిన్న ముక్కలుగా విరిచి బొమ్మలు పేర్పించండి. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించడం మనకు తెలిసిందే. 1907లో రోమ్‌లో తొలి బడి తెరిచిన మరియా మాంటిస్సోరి కూడా, గరుకు కాగితంతో చేసిన అక్షరాల్ని పిల్లలతో వేలితో తడిమించేవారు. 1939లో ఆవిడ మద్రాసుకూ వచ్చారు.

ఒక్క జాగ్రత్త. గింజలు, గవ్వలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వొద్దు. ఈనెల మొనలు కళ్లకు తగలకుండా పక్కనే ఉండండి.

తొందరొద్దు

మూడేళ్లకే నాలుగు గీతల పుస్తకం ముందు కూర్చోబెడితే పెన్సిలంటేనే ఏడుపొస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఒకటో తరగతి ఆరేళ్లకనీ, అంతకుముందు చదువంతా ఆటపాటలతోననీ చెబుతోంది. రోజుకో పావుగంట చాలు. పిల్లలు విసుక్కుంటే ఆపేయండి. చదవడం రాని పెద్దలైతే బొమ్మల పుస్తకం తెరిచి, బొమ్మ చూస్తూ సొంతంగా కథ అల్లేయండి. దూరాన ఉన్న తల్లులూ... ‘అ ఆలు వచ్చాయా?’ అని అడిగే బదులు, ఫోన్లో ఓ చిన్న కథ చెప్పండి.

తర్వాతి ఆదివారం ఆ ఇంట్లో ఫోన్ మోగింది. తల్లి ప్రశ్న అడిగేలోపే పిల్ల చప్పట్లు మొదలెట్టింది. ‘అ-మ్మ... రెండు. అ-మ్మ-మ్మ... మూడు!’

ఫోన్లో తల్లి నవ్వింది. ఇక్కడ పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. లెక్క సరిగ్గానే ఉంది కదండీ... అమ్మమ్మకే ఒకటెక్కువ!