బోరు నీటికి బ్యాక్టీరియా వైద్యం

నల్లగొండ అనగానే ఫ్లోరైడే గుర్తొస్తుంది. పటిక, సున్నంతో ఆ నీటిని బాగుచేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్‌’ అనే పేరు కూడా స్థిరపడింది. చౌటుప్పల్‌లో, పాలమూరులోని జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల పరిశ్రమలు వచ్చాక మరో బెంగ తోడైంది. అదే సాల్వెంట్ల భయం. ఇవి పటికకు లొంగవు. నీరు తేటగా ఉన్నంత మాత్రాన అవి లేనట్టు కాదు. మరిగిస్తే ఆవిరై వంటింటి గాలిలో కలుస్తాయి.

వీటిని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉన్నమాట నిజమే. 1997లో అమెరికా శాస్త్రవేత్తలు వెల్లడించిన డీహాలోకాకాయిడిస్‌ అనే బ్యాక్టీరియా, ట్రైక్లోరోఇథిలీన్‌ వంటి క్లోరిన్‌ సాల్వెంట్లను అంతగా హాని లేని ఇథిలీన్‌గా మార్చగలదు. మొలాసిస్‌, వంటనూనె వంటివి భూమిలోకి పంపి దాన్ని పెంచుతారు. అయితే పని సగంలో ఆగితే మిగిలేది వినైల్‌ క్లోరైడ్‌. అది క్యాన్సర్‌ కారకం. పైగా మనది గ్రానైట్‌ నేల. నీరు రాతి పగుళ్ల వెంట పోతుంది కాబట్టి మందు అన్నిచోట్లకూ చేరడం కష్టం.

కాబట్టి ముందు వ్యర్థాలు నేలలోకి ఇంకకుండా ఆపాలి. పరిశ్రమల చుట్టూ ఉన్న బోర్లలో వినైల్‌ క్లోరైడ్‌తో సహా సాల్వెంట్లను క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితాలను పంచాయతీ గోడ మీద తెలుగులో పెట్టాలి. శుద్ధి ఆ తర్వాతి మాట.

ఇంటికి భగీరథ నీళ్లు వస్తున్నా చేను దగ్గర బోరు నీళ్లే తాగేవారు ఎందరో. పరిశ్రమల పక్కన పొలాలున్నవారు పరీక్షల్లో నిజం తేలేదాకా తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లడం మేలు.