మాత్ర మింగకపోతే గది ఖాళీ చేయాలా?

మానసిక వ్యాధి నుండి కోలుకుంటున్నవారు ఆసుపత్రికీ సొంత ఇంటికీ నడుమ కొంతకాలం నివసించే చోటును హాఫ్‌వే హోమ్ అంటున్నాము. కొన్నిచోట్ల నలుగురైదుగురు కలిసి అద్దె ఇంటిలో ఉంటారు, సంస్థ నియమించిన సహాయకులు వారి మంచిచెడులు చూస్తారు. అక్కడి నుండి వినవచ్చే తగవులు మాత్రం అన్నిచోట్లా ఒకే తీరు. “ఈమె చెప్పిన మాట వినదు” అని సహాయకులు, “నన్ను ఖైదీలా చూస్తున్నారు” అని నివాసులు. ఇద్దరికీ సర్దిచెప్పి పంపడం మన పెద్దలకు అలవాటు. నేను దానిని అంగీకరించను. ఈ తగవు మనుషుల స్వభావాల వలన పుట్టినది కాదు. తలుపు తాళమూ, మందుల డబ్బా ఒకే వ్యక్తి చేతిలో పెట్టడం వలన పుట్టినది.

మీరు మధుమేహానికి మాత్ర మానివేశారని ఇంటి యజమాని వచ్చి ఇల్లు ఖాళీ చేయమంటే ఊరుకుంటారా?

మాత్ర వద్దనడానికి కారణం అడిగేవారు తక్కువ. హాలోపెరిడాల్ వంటి మందులు కొందరిలో అకథీసియా అనే స్థితిని కలిగిస్తాయి. కూర్చోలేరు, నిలవలేరు, రాత్రంతా వరండాలో పచార్లు చేస్తారు. సహాయకుడు దానిని “గొడవ చేస్తున్నాడు” అని రిజిస్టరులో రాస్తాడు. ఆ రాత చూసి, రోగిని చూడకుండా, మోతాదు పెంచిన వైద్యులు ఉన్నారు. అప్పుడు అశాంతి మరింత ముదురుతుంది. ఒలాంజపిన్‌తో ఒళ్లు పెరుగుతుంది. క్లోజపిన్‌తో పగలంతా మగత, దిండు తడిసేలా చొంగ. ఇవన్నీ చెప్పుకుంటే గది పోతుందని భయపడే మనిషి మాత్రను నాలుక కింద దాచి, తరువాత పూలకుండీలో పారవేస్తాడు. బెదిరించి మనం సాధించినది ఆ పాటిదే.

న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో ఈ ముడి విప్పారు. వీధిన పడిన మానసిక రోగులకు ముందు ఇల్లు ఇచ్చారు, చికిత్సకు ఒప్పుకోవాలన్న షరతు పెట్టలేదు. ఇదే పద్ధతిని కెనడా 2009 నుండి అయిదు నగరాలలో సుమారు 2,000 మందితో పరీక్షించింది. అధ్యయనపు చివరి ఆరు నెలలూ ఇంటిలోనే నిలిచినవారు ఈ పద్ధతిలో 62 శాతం, మామూలు సేవలు పొందినవారిలో 31 శాతం.

“మందు మానితే వ్యాధి తిరగబెట్టదా?” అని మీరు అడుగుతారు. తిరగబెట్టవచ్చు. అప్పుడు ఆ మనిషికి కావలసినది వైద్యుడు. వీధిలోకి నెట్టడం ఏ వైద్యశాస్త్రంలోనూ చికిత్స కాదు.

సహాయకులు దుర్మార్గులని నా అభిప్రాయం కాదు. చాలామందికి కాంట్రాక్టు కొలువు, చాలీచాలని జీతం, రాత్రి ఒంటరి కాపలా, శిక్షణ దాదాపు శూన్యం. అటువంటివారి చేతికి గది ఉంచే, తీసే అధికారం ఇస్తే, భయపడిన రోజున వారు దానినే వాడతారు. వారికి జీతమూ, శిక్షణా పెంచండి. ఆ అధికారం మాత్రం తీసివేయండి. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టివేసిన మానసిక రోగులు 28 మంది మంటలలో మరణించారు. ఆ గొలుసులు కూడా “వారి మంచికే” వేసినవే!

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. బలవంతంగా గుండు గీయరాదనీ, బలవంతంగా పని చేయించరాదనీ, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలనీ చెప్పింది. సేవలలో లోపముంటే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. అందుకు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డులను నిర్దేశించింది. ఈ సంగతి ఎన్ని హోముల గోడలపై నివాసి చదవగలిగే తెలుగులో రాసి ఉంది?

మీ తమ్ముడినో, కుమార్తెనో అటువంటి చోట చేర్చదలచినప్పుడు ఫీజు సంగతి తరువాత మాట్లాడండి. గది తాళంచెవి ఎవరి వద్ద ఉంటుందో, ఫోను ఎవరి వద్ద ఉంటుందో ముందు అడగండి. ఒక పూట మాత్ర వద్దంటే ఏమి చేస్తారో అడిగి, ఆ జవాబును కాగితంపై సంతకంతో సహా తీసుకోండి.